సూరదాసు పేరు: పాఠ్యపుస్తకాలలో పదశుద్ధి

2004 జూలై 31న, ప్రేమ్‌చంద్ జయంతినాడు, ఆయన నవల 'రంగభూమి' ప్రతులను ఢిల్లీలో బహిరంగంగా దగ్ధం చేశారు. ఆ పని చేసినది భారతీయ దళిత సాహిత్య అకాడమీ. కథానాయకుడైన సూరదాసును కులనామంతో పదే పదే పేర్కొన్న నవలను విద్యార్థులచేత చదివించరాదన్నది వారి అభ్యంతరం. ఆ కులనామం ఉత్తర భారతంలో తిట్టుగా కూడా చెలామణి అవుతున్నది. ఉపాధ్యాయుడు ఆ వాక్యాన్ని పైకి చదివినప్పుడు ఆ కులంలో పుట్టిన విద్యార్థి తల వంచుకోవలసి రావచ్చు. ఆ బాధను అతిశయోక్తి అని కొట్టివేయడం న్యాయం కాదు.

మరొకవైపు, మాటల విషయంలో ఈ సున్నితత్వం హద్దు మీరిందనే వాదం మన దేశంలోను, విదేశాలలోను బలంగా వినవస్తున్నది. ఇంగ్లీషులో 'పొలిటికల్ కరెక్ట్‌నెస్' అని వ్యవహరించే ఈ ధోరణిని, మరో మంచిమాట దొరికేవరకు, 'పదశుద్ధి' అందాము. అది హద్దు మీరిందా, లేదా అని ఒక్కమాటలో తేల్చడం సాధ్యం కాదు. మన మధ్య బ్రతుకుతున్న మనుషులను పిలిచే పేరు ఒక విషయం. పాత గ్రంథంలో అచ్చయిన పదం మరొక విషయం. వివాదాలలో ఈ రెండూ తరచుగా కలగాపులగమవుతున్నాయి.

'రంగభూమి' 1925లో వెలువడింది. కాశీ సమీపాన పాండేపూరులో బిచ్చమెత్తుకొని జీవించే అంధుడు సూరదాసు. పూర్వికుల నాటి భూమిని సిగరెట్టు కర్మాగారానికి ఇవ్వనని ధనికులను, అధికారులను ఎదిరించి, తుపాకి గుండుకు గురై మరణిస్తాడు. హిందీ ప్రాంతంలో చూపులేనివారిని భక్తకవి సూరదాసు పేరుతో మర్యాదగా పిలవడం వాడుక. ఈ మర్యాదను ప్రేమ్‌చంద్ నవల ఆరంభంలోనే ఎత్తిపొడిచారు: గుడ్డివారికి పేరూ, పనీ వెదకనక్కరలేదట, పేరు సూరదాసు, పని బిచ్చమెత్తడం, రెండూ ముందే సిద్ధం. మహాకవి పేరు దక్కినా చేతిలోని భిక్షాపాత్ర పోలేదన్నమాట.

ఇటువంటి గౌరవపదాలు ఉత్తరాదిన ఇంకా ఉన్నాయి. మలమూత్రాలను ఎత్తిపోసేవారిని 'మెహతర్' అన్నారు. ఆ పారశీక పదానికి 'మరింత గొప్పవాడు' అని అర్థం. అక్బరు చక్రవర్తి వీరిని 'హలాల్‌ఖోర్' అని పిలిచినట్లు 'ఐనీ అక్బరీ' చెబుతున్నది. అంటే ధర్మమైన సంపాదన తినేవాడు. ఎంత చక్కని పేర్లు! కాని పని మారలేదు, పనివాని పట్ల చూపు మారలేదు. కొంతకాలానికి ఆ పేర్లే తిట్లయినాయి. అక్బరు 1605లో మరణించగా, ఆ పని చేయించడాన్ని నిషేధించే పార్లమెంటు చట్టం 1993లో గాని రాలేదు. 2013లో మరింత కట్టుదిట్టమైన చట్టం అవసరమయింది.

పైనుండి దయతో ఇచ్చిన పేరుకూ, తమకు తాము పెట్టుకున్న పేరుకూ గల భేదాన్ని తెలుగు పాఠకులు సులభంగానే గ్రహించగలరు. 1917లో బెజవాడలో 'పంచమ' సభ పేరిట సమావేశమైనప్పుడు, అధ్యక్షుడు భాగ్యరెడ్డివర్మ ఆ మాటనే నిరాకరించారు. తాము ఐదవ వర్ణం కాము, ఈ నేలకు ఆదివాసులమని చాటుతూ 'ఆది ఆంధ్ర' అనే పేరు స్వీకరించారు. ఆ పేరు నేటికీ షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నది. గాంధీజీ 1930లలో ప్రచారంలోకి తెచ్చిన 'హరిజన' పదం దీనికి భిన్నమైనది. ఆయన సంకల్పం ఉన్నతమే. అయినా 1938లో బొంబాయి శాసనసభ బిల్లులో ఆ పదం చేరినప్పుడు డాక్టర్ అంబేద్కర్, ఆయన సహచరులు నిరసనగా సభనుండి నిష్క్రమించారు. కేంద్ర ప్రభుత్వం 1982లో కుల ధ్రువపత్రాలలో ఆ మాట వాడరాదని ఆదేశించింది.

'దళిత' పదం 1972లో బొంబాయిలో ఆవిర్భవించిన దళిత్ పాంథర్స్ ఉద్యమంతో దేశమంతటా వ్యాపించింది. 2018లో సమాచార ప్రసార మంత్రిత్వశాఖ, ఆ మాటకు బదులు 'షెడ్యూల్డు కులం' అనే రాజ్యాంగ పరిభాషను వాడవలసినదిగా ప్రైవేటు టెలివిజన్ ఛానెళ్ళకు సూచించింది. కచేరీ కాగితాలకు చట్టంలోని మాట సరిపోతుంది. కాని ఒక ఉద్యమం తన కోసం ఎన్నుకున్న పేరును మర్యాద పేరుతో తప్పించడం పదశుద్ధి దారి తప్పడమే.

హిందీనుండి అనువదించేవారికి ఇప్పుడు మరొక చిక్కు వచ్చింది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి 'వికలాంగ' పదానికి బదులు 'దివ్యాంగ' అనడం మేలని సూచించారు. మరుసటి సంవత్సరం హిందీలో ప్రభుత్వ శాఖ పేరే మారింది. తమలో దివ్యత్వమేమీ లేదని, సమాన అవకాశాలు చాలునని కొన్ని వికలాంగుల సంఘాలు అభ్యంతరం తెలిపాయి. 2016 చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను 7 నుండి 21కి పెంచింది. ప్రభుత్వోద్యోగాలలో కనీస రిజర్వేషను 3 శాతం నుండి 4 శాతమయింది. పేరుకన్నా ఈ అంకెలే ఆ విద్యార్థులకు ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

ఇక పాత గ్రంథాల మాట. సూరదాసు కులనామాన్ని తొలగించి 'దళితుడు' అని దిద్దితే, 1925నాటి గ్రామస్థులు అతనిని నేటి మర్యాదతో సంబోధించినట్లవుతుంది. ఆనాడు జరగనిది జరిగినట్లు విద్యార్థి నమ్ముతాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో ప్రకటించిన 'మాలపల్లి' పేరులోనే కులనామమున్నది. అదే మాటతో షెడ్యూల్డు కులానికి చెందిన వ్యక్తిని నలుగురిలో దూషించడం 1989 చట్టం ప్రకారం నేరం. ఒకటి నవల పేరు, మరొకటి మనిషికి తగిలే దెబ్బ. ఈ తేడాను తరగతిలో వివరించవలసిన బాధ్యత ఉపాధ్యాయునిది. మూలపదాన్ని ఉంచి, అది అవమానకరమైనదని అడుగున సూచిక ఇవ్వవచ్చు. పైకి చదివించకుండా మౌనంగా చదువుకోమనవచ్చు. విద్యార్థి అభ్యంతరం చెబితే ఓపికతో వినాలి.

ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో ప్రచురించిన ఆత్మకథ 'జూఠన్' ఈ చర్చలో తప్పక చూడవలసిన గ్రంథం. బడిలో తనను పిలిచిన కులనామాన్ని ఆయన ఎక్కడా దాచలేదు. ప్రధానోపాధ్యాయుడు ఆ పిల్లవానిని తరగతిలో కూర్చోనివ్వక, చీపురిచ్చి బడి ఆవరణమంతా ఊడ్పించాడు. మూడవరోజు ఆ దారిన పోతున్న తండ్రి అది చూచి, కొడుకు చేతిలోని చీపురు లాగి దూరంగా విసిరివేసి, ఇది చేయించిన మాస్టరెవరని గద్దించి అడిగాడు. ఆ ప్రధానోపాధ్యాయుని నోటినుండి వెలువడిన మాటలు కూడా పుస్తకంలో ఉన్నవున్నట్లు ఉన్నాయి.