ఇంజను మార్చిన లారీ: లీకులు, కుదుపులు, వాటి కారణాన్వేషణ

తెలుగు శాఖకు చెందినవాడు లారీ ఇంజనును గురించి వ్రాయడమేమిటని మిత్రులు కొందరు ఆశ్చర్యపడవచ్చు. మన కళాశాలలో లారీ మేస్త్రీల పిల్లలు, డ్రైవర్ల పిల్లలు తక్కువ మంది కారు. వారి ఇండ్లలో నిత్యం వినిపించే ఈ విద్య తెలుగు అక్షరాలలో మాత్రం అరుదుగా కనిపిస్తుంది. పైగా దీని పదజాలం మన ఉభయ భాషల ఉమ్మడి సొత్తు. మరమ్మతు, ఉస్తాద్ అనే మాటలు ఉర్దూ ద్వారా మనకు వచ్చాయి. మేస్త్రి అనే మాట పోర్చుగీసునుంచి వచ్చింది.

పరిశీలనకు టాటా 697 ఇంజనును తీసుకొందాం. పేరులోని 6 సిలిండర్ల సంఖ్య. 97 ఒక్కొక్క సిలిండరు వ్యాసం, మిల్లీమీటర్లలో. దీని పంపు, పైపులు, నాజిళ్లు అన్నీ కంటికి కనబడేవే కనుక నేర్చుకొనేవారికి ఇది అనువైనది.

ఇంజను మార్చి బండి బయటకు తీసిన వారం రోజులకే క్రింద నూనె మడుగు కడుతుంది. లేదా ఖాళీ తిరుగుడులో బండి వణుకుతుంది. వెంటనే అందరూ అనే మాట ఒక్కటే: "ఇంజనే మంచిది కాదు." ఈ నిర్ణయం చాలా సందర్భాలలో తొందరపాటు. సాధారణంగా కొనేది హాఫ్ ఇంజను. అంటే బ్లాకు, క్రాంకు షాఫ్టు, పిస్టన్లు మొదలైన లోపలి భాగం. ఫీడ్ పంపు, డీజిలు పైపులు, నీటి గొట్టాలు, మౌంటింగ్ రబ్బర్లు, క్లచ్చి సామాను తరచు పాత ఇంజనునుంచే దీనికి చేరుతాయి. కాబట్టి దోషం వెదకవలసిన మొదటి చోటు ఇంజను గర్భం కాదు, మన చేయి పడిన ప్రతి అతుకు. తన బండిని తానే నడుపుకొంటూ ఫైనాన్సు వాయిదాలు కట్టే మనిషికి, ఇంజనును అనవసరంగా విప్పించడమంటే కిరాయి లేని రోజులు, మరల గాస్కెట్ల ఖర్చు, ఒక్కొక్కసారి వాయిదా తప్పడం. సరియైన నిదానం విలువ అక్కడ తెలుస్తుంది.

లీకును చుక్క పడిన చోట వెదకరాదు. బండి పరుగులో గాలి నూనెను వెనుకకు తరుముతుంది. పైన రాకర్ కవరు దగ్గర కారిన నూనె గోడవెంట దిగి ఛాంబర్ అంచున చుక్కగా వ్రేలాడుతుంది. ముందు ఇంజనును డీజిలుతో కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి. తరువాత నడుస్తుండగా దీపం పట్టుకొని పైనుంచి క్రిందికి చూడాలి. మొట్టమొదట తడిసిన చోటే మూలం.

బెల్ హౌసింగ్ అడుగు రంధ్రంనుంచి నూనె వస్తే, క్రాంకు వెనుక సీలు పోయిందని గేరుబాక్సు దింపడానికి సిద్ధపడతారు. అంతకుముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. అది ఇంజను నూనెయా, గేరు నూనెయా? గేరు నూనె చిక్కన, దాని ఘాటైన వాసన వేరు. రాకర్ కవరు వెనుక అంచునుంచి దిగివచ్చినదా? బ్రీదర్ గొట్టం మూసుకొనిపోయిందా? ఈ చివరిదానిని చాలామంది మరచిపోతారు. పిస్టన్ల ప్రక్కనుంచి కొంత వాయువు ఎప్పుడూ క్రిందికి జారుతూనే ఉంటుంది. దానికి బయటపడే దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీళ్లగుండా కూడ నూనెను బయటకు నెడుతుంది. అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా ఫలితం ఉండదు. పది నిమిషాలలో గొట్టం శుభ్రం చేస్తే సరిపోతుంది. గొట్టం శుభ్రంగా ఉండి కూడ నూనె పోసే మూతనుంచి పొగ గుప్పుగుప్పున చిమ్ముతూ ఉంటే మాత్రం రింగులను, అంటే ఇంజనునే, శంకించవలసి వస్తుంది.

ఛాంబర్ బోల్టులను బలంగా బిగిస్తే లీకు ఆగుతుందనేది మరొక భ్రమ. పలుచని అంచు వంగి లీకు పెరుగుతుంది. డీజిలు పైపుల రాగి వాషర్లు ఒకసారి నలిగితే గట్టిపడతాయి. కొత్తవి వేయడం ఉత్తమం; దొరకనిచోట ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడి మరల పనిచేస్తాయి.

నీటి లీకుకు ఎక్కువ చర్చ అక్కరలేదు. చల్లగా ఉన్నప్పుడు కారి, వేడెక్కగానే ఆగేది తరచు క్లిప్పు లోపం. బయట తడి లేకుండానే రేడియేటరులో నీరు తగ్గుతూ, సైలెన్సరునుంచి తెల్లని ఆవిరి విడువకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్‌ను చూడాలి.

ఇక అసలు చిక్కైన విషయానికి వద్దాం. లీకు, కుదుపు రెండు వేరు వేరు రోగాలని మనం అనుకొంటాం. కొన్నిసార్లు రెండూ ఒక్కటే. ట్యాంకునుంచి ఫీడ్ పంపువరకు ఉన్న గొట్టంలో డీజిలు నెట్టబడదు, పీల్చబడుతుంది. అక్కడ వాషరు సరిగా కూర్చోకపోతే డీజిలు బయటకు రాదు. గాలి లోపలికి పోతుంది. చూడబోతే ఎక్కడా తడి లేదు, ఇంజను మాత్రం మిస్సింగ్ కొడుతుంది. నాజిలు సూది లేవడానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడి కావాలి. డీజిలు దాదాపు నలగని ద్రవం కనుక పంపు దానిని ఆ ఒత్తిడికి చేర్చగలదు. మధ్యలో గాలి బుడగ ఉంటే ప్లంజరు శ్రమ అంతా ఆ బుడగను నలపడానికే ఖర్చవుతుంది. గాలి తీసిన కొంతసేపు బాగా నడిచి మరల మొదటికి వస్తే ఈ రోగమేనని గట్టిగా అనుమానించాలి.

దీనిని తేల్చడానికి మేస్త్రీలు చేసే పరీక్ష ఎంతో సులువైనది. ట్యాంకు గొట్టం విప్పి, శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, దానిని ఇంజనుకన్న ఎత్తున నిలిపి, వేరే గొట్టంతో ఫీడ్ పంపుకు కలుపుతారు. గాలి తీసి నడిపితే ఇంజను నెమ్మదించిందా, దోషం ట్యాంకుకూ పంపుకూ నడుమ ఉన్నట్లే. కుదుపు అలాగే ఉంటే ముందుకు సాగాలి. ఏ ప్రయోగశాలలోనైనా ఇంతకన్న చక్కని తర్కం ఉంటుందని నేననుకోను.

తరువాతిది సిలిండర్ల పరీక్ష. ఖాళీ తిరుగుడులో ఒక్కొక్క నాజిలు పైపు నట్టును పానాతో కొద్దిగా వదులు చేసి వెంటనే బిగిస్తారు. పనిచేసే సిలిండరైతే ఇంజను వేగం పడిపోతుంది. ఏ సిలిండరు దగ్గర మార్పు కనిపించదో అది పనిచేయడం లేదు. అప్పుడు దాని నాజిలును మంచి సిలిండరు నాజిలుతో మార్చి చూడాలి. దోషం నాజిలు వెంట వెళితే నాజిలుదే తప్పు. పాతచోటనే ఉంటే టాపెట్ సందు, పంపునుంచి వచ్చే సరఫరా, కంప్రెషన్ చూడాలి. నాజిలు పైపులు తారుమారుగా బిగించలేదు గదా అనికూడ 1-5-3-6-2-4 అనే మంట వరుస ప్రకారం సరిచూసుకోవాలి. ఒక్క సిలిండరు కాక ఇంజను మొత్తం మొరాయిస్తూ, స్టార్టు కష్టమై, తెల్లపొగ విడుస్తుంటే పంపు టైమింగ్ గుర్తులు కలవలేదేమో పరీక్షించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పైపు వదులు చేసే పరీక్ష పాత యాంత్రిక పంపులకే. దానిలో కూడ చిమ్మే డీజిలుకు చేయి అడ్డు పెట్టరాదు. ఆ ధార చర్మంలోనికి దిగుతుంది. 2020 ఏప్రిల్ 1నుంచి వచ్చిన బి.ఎస్.-6 లారీల కామన్ రైలులో ఒత్తిడి వెయ్యి కిలోలు దాటుతుంది. నడుస్తున్న ఇంజను మీద ఆ పైపు విప్పడం ప్రాణాపాయం. అక్కడ స్కానరుతోనే సిలిండర్లను పరీక్షించాలి.

ఆరు సిలిండర్లూ సమంగా పనిచేస్తున్నా వణుకు పోకపోతే అది మంటకు సంబంధించినది కాదు. పాత మౌంటింగ్ రబ్బర్లు, సరిగా కూర్చోని ప్రెషర్ ప్లేటు ఇందుకు కారణాలు. నిలిచి ఉన్నప్పుడు లేక, బండి కదిలినప్పుడే వచ్చే వణుకైతే ప్రొపెల్లరు షాఫ్టును చూడాలి.

ఇంజను నంబరు మారినందున రిజిస్ట్రేషను అధికారి అనుమతి, నమోదు కూడ మరువరాదు; 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను దీనికి వర్తిస్తుంది.

మొదటి లోడు ప్రయాణం తరువాత క్లిప్పులు, మౌంటింగ్ బోల్టులు మరల బిగించి, నూనె పుల్ల తీసి చూడాలి. మట్టం తగ్గితేనే ప్రమాదమని కాదు. పెరిగి, నూనె పలుచబడి డీజిలు వాసన వేస్తే, ఫీడ్ పంపునుంచో ఇంజెక్షన్ పంపునుంచో డీజిలు లోపలికి దిగుతున్నదన్నమాట. అటువంటి నూనె బేరింగులను కాపాడలేదు. కారణం తెలిసి, నూనె మార్చేవరకు ఆ బండిని స్టార్టు చేయరాదు.