తాను చూచినదే సాక్ష్యము

చదువవలసిన భాగములు: యోహాను 9వ అధ్యాయము, మార్కు 5:1–20, 1 పేతురు 3:15, 16.



సంగారెడ్డి కోర్టులో సాక్షిగా నిలిచినవారు మన గ్రామములలో కొందరున్నారు. బోనెక్కిన మనిషిని వకీలు మొదట అడుగు ప్రశ్న యేది? ఇది నీవు కన్నులార చూచితివా, ఒకరు చెప్పగా వింటివా అనియే గదా. వినినదానిని చూచినట్టు చెప్పినవాడు రెండవ ప్రశ్నకే తడబడును. చదువు లేకపోయినను చూచినదానిని చెప్పినవానిని కదలించుట కష్టము. సంఘములో సాక్ష్యమను మాటను మనము ఎంతో వాడుచున్నాము గాని, దానికి గల ఈ మొదటి అర్థమును మరచుచున్నాము. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో కూడ ఈ మాట న్యాయసభకు చెందినదే. అదే మాట తరువాత ప్రాణమిచ్చిన హతసాక్షులకు పేరాయెను.

యోహాను 9వ అధ్యాయములోని పుట్టు గ్రుడ్డివానిని చూడుడి. అతని నడిగినవారు మువ్వురు: ఇరుగుపొరుగువారు, పరిసయ్యులు, మరల పరిసయ్యులే. తన్ను బాగుచేసినవాడు ఎక్కడ నున్నాడని అడుగగా తెలియదనెను (12వ వచనము). ఆయన పాపియా కాడా అని అడుగగా అదియు తెలియదనెను (25వ వచనము). తెలియని సంగతిని తెలియదని రెండుసార్లు ఒప్పుకొన్న సాక్షి ఇతడు. తనకు తెలిసినవి నిన్నటి చీకటి, నేటి వెలుగు. వాటిని మాత్రము ఎవరెంత గద్దించినను విడువలేదు. అతని తలిదండ్రులు సమాజమందిరమునుండి వెలివేయబడుదుమను భయముచేత వానినే అడుగుడని తప్పించుకొనిరి. అతడు తప్పించుకొనలేదు, వెలివేయబడెను.

ఇంకొక సంగతి గమనింపుడి. అతడు మొదట యేసు అను ఒక మనుష్యుడనెను (11), తరువాత ప్రవక్తయనెను (17), పిమ్మట దేవునియొద్దనుండి వచ్చినవాడని వాదించెను (33), కడపట ప్రభువా అని మ్రొక్కెను (38). అనగా సంపూర్ణ జ్ఞానము వచ్చిన తరువాత నోరు తెరచినవాడు కాడు. చెప్పుచుండగానే అతనికి తెలిసివచ్చెను. వేదాంత పాఠశాలలో చదివిన మాబోటివారికి ఇది కొంచెము ఇబ్బందియైన పాఠమే. మేము ముందుగా సిద్ధాంతము, తరువాత సాక్ష్యము అని నేర్చినవారము!

మన తెలుగు దేశములో ఈ సంగతికి మంచి ఉదాహరణ యర్రగుంట్ల పేరయ్య. నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు మిషను 1836లో ఆరంభమాయెను. ముప్పది యేండ్లు గడచినను ఫలము బహు స్వల్పము. దానిని మూసివేయుదమా అని అమెరికాలోని సొసైటీ ఒకసారి కాదు, పలుమారులు ఆలోచించెను. పేరయ్య మాదిగ కులస్థుడు, చర్మముల వ్యాపారి, తాళ్లకొండపాడు నివాసి. గురువులవద్ద యోగసాధన నేర్చి, మనశ్శాంతికై చాలకాలము వెదకినవాడు. వ్యాపారముమీద ఏలూరు ప్రాంతమునకు పోయినప్పుడు, క్రైస్తవుడైన తన బంధువునివలన క్రీస్తును గూర్చి వినెను. దొర వచ్చి ప్రసంగము చేయలేదు. బంధువు బంధువుతో చెప్పెను, అంతే.

పేరయ్య ఇల్లు చేరి తనవారితో చెప్పనారంభించెను. తానును భార్య నాగమ్మయు 1866లో బాప్తిస్మము పొందిరి. 1867 జనవరిలో జాన్ క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వెళ్లగా, చుట్టుపట్ల పల్లెలనుండి జనులు తిండి సామగ్రియు మార్చుకొను బట్టలును మూటగట్టుకొని వచ్చి కూర్చుండిరి. ఆ పర్యటనలో 28 మంది బాప్తిస్మము పొందిరి. దొరగారు విత్తుటకు పోయి కోతను చూచిరి. విత్తినవాడు చర్మములు మోసిన ఆ మనిషి.

అది సులువుగా జరుగలేదు. ఆ విశ్వాసులు మూడు సంగతులలో మారవలసివచ్చెను: ఆదివారము పని మానుట, చచ్చిన పశువుల మాంసము తినకుండుట, విగ్రహములకు మ్రొక్కకుండుట. జాతరలలో డప్పు కొట్టమన్నప్పుడు రామనిరి. ఊరి పెద్దలకు కోపము వచ్చెను. కొన్నిచోట్ల బావి నీళ్లు, అంగడి సరకులు నిలిచిపోయెను. ఊరంతయు వారిని కనిపెట్టి చూచెను. నోటితో చెప్పినది కడుపు మాడినప్పుడు నిలుచునో లేదో చూచిన తరువాతనే పొరుగు పల్లెవారు నమ్మిరి.

ఇట్లు వాడవాడకు తనవారే చెప్పుకొనుట మన తెలంగాణలోను జరిగెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకింపబడిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి. ఎస్. అజరయ్యగారు దోర్నకల్ ప్రాంతములో ఒక పద్ధతి పెట్టిరి. క్రొత్తగా చేరినవాడు తన చేయి తన తలమీద నుంచుకొని, తాను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడననియు, సువార్త చెప్పనియెడల తనకు శ్రమయనియు పలుకవలెను (1 కొరింథీ 9:16). అక్షరము రాని కూలివారు పలికిన మాట ఇది. జీతము తీసుకొను ఉపదేశకులకు మాత్రమే సువార్త అప్పగింపబడలేదని వారికి ఆ దినమే తెలిసెను.

ఇక మన భానూరు సంగతి. ఇక్కడ భారత్ డైనమిక్స్ వారి కర్మాగారము, అటు పటాన్‌చెరు పరిశ్రమలు, ఇటు శంకర్‌పల్లి రోడ్డు. ఒడిషా, బీహారు మొదలైన చోట్లనుండి వచ్చినవారు మన ఇండ్ల ప్రక్క గదులలో అద్దెకున్నారు. షిఫ్టు బస్సులో ప్రక్కనే కూర్చున్న మనిషితో మనము పది యేండ్లు ప్రయాణము చేయుదుము గాని, మన హృదయములోని ఆధారము ఏదో అతనికి తెలియదు. ఇది యొక తట్టు తప్పిదము.

రెండవ తట్టు తప్పిదము దీనికంటె చెడ్డది. కూటములలో సాక్ష్యములు నానాటికి పెద్దవగుచున్నవి. జ్వరము కేన్సరగుచున్నది, చిన్న అప్పు లక్షలగుచున్నది. దేవుని మహిమకొరకే గదా అందురు. దేవుని మహిమకు మన అబద్ధము అక్కరలేదు.

మా సంఘములో ఒక తల్లి యున్నది. ఒక ఫ్యాక్టరీలో ఊడ్చే పని, కాంట్రాక్టు కూలి. భర్త త్రాగుబోతు. తోటి కూలి ఒకామె ఆమెను, "అక్కా, గుడికి పోవట్టినంక నీ ఇంటాయన తాగుడు బంద్ చేసిండంట గదా?" అని అడిగెను. "లేదు చెల్లె. ఇంకా తాగుతుండు. గని నాకు రాత్రిపూట భయం పోయింది. పొద్దుగాల లేచి పనికొస్తున్న. ముందుగాల చద్దామనుకునేదాన్ని" అని ఈమె చెప్పెను. ఒక కూటములో పెద్దమనిషి యొకరు, భర్త మారెనని చెప్పినచో వినువారికి ప్రోత్సాహముగా నుండునని సలహా యిచ్చిరి. "మారినంక చెప్త అయ్యా" అనెను. మాకు యోహాను 9:25 జ్ఞాపకము వచ్చెను. ఆ ఇంటికి పెద్దలతో కూడ వెళ్లి భర్తను మందలించుట వేరు సంగతి. అది చేసితిమి, ఇంకను చేయుచున్నాము. ఓర్పు పేరట స్త్రీని దెబ్బలకు విడుచుట సాక్ష్యము కాదు. అడిగిన ఆ రెండవ ఆమె ఇంతవరకు గుడికి రాలేదు. అయితే తన ఇంట గొడవ జరిగిన రాత్రి వచ్చి ఈమె గడపలోనే కూర్చుండును.

మరి యెవరితో చెప్పవలెను? మార్కు 5వ అధ్యాయములో, దయ్యములు విడిచిన మనుష్యుడు ప్రభువుతో కూడ పడవ యెక్కగోరెను. ప్రభువు ఒప్పుకొనక అతని ఇంటివారియొద్దకే పంపెను. గొలుసులు తెంచుకొని సమాధులలో అరచినవానిని ఎరిగినవారు వారే గనుక, మార్పును కొలువగలవారును వారే. దెకపొలి, అనగా పది పట్టణముల ప్రాంతము, ఆ తరువాతి మాట. మనలో కొందరు పది పట్టణములతోనే మొదలుపెట్టుదురు.

చెప్పకూడని చోటు కూడ ఒకటి గలదు. మీరు సూపర్‌వైజరో, కూలీల మేస్త్రీయో అయినయెడల, మీ చేతిక్రింది కాంట్రాక్టు కూలివాడు మీ మాటకు ఔనని తీరవలెను. కాదనినచో రేపు గేటుదగ్గర పేరు పిలువబడదేమో యని వాని భయము. అట్టివాని ఔను విశ్వాసము కాదు. మొదట వాని ఓవర్‌టైము లెక్క సరిగా కట్టుడి. వాడే ఒక దినమున, మీ క్రింద నున్నవాడుగా గాక మనిషిగా అడిగినప్పుడు, పేతురు చెప్పినట్టు సాత్వికముతోను భయముతోను చెప్పుడి.

ఈ జాగ్రత్త మా స్వంత కల్పన కాదు. 1876–78 నాటి గొప్ప కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంతభాగము త్రవ్వించు కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని యిచ్చిరి. ఆ కాలములో బాప్తిస్మమడిగినవారు అనేకులు. అన్నముకొరకు క్రీస్తు పేరు పెట్టుకొనకూడదని, సహాయము నడుచునంతకాలము బాప్తిస్మములు నిలిపివేసిరి. ఆ పని ముగిసిన తరువాతనే 1878 జూలై 3న, గుండ్లకమ్మ యేటియొద్ద ఒక్కదినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనవారు తరచుగా చెప్పుదురు. దానికి ముందున్న నిరీక్షణను చెప్పువారు తక్కువ.

మన రాజ్యాంగపు 25వ అధికరణము మతమును అవలంబించుటకును ప్రచారము చేయుటకును స్వేచ్ఛ నిచ్చుచున్నది. అయితే ఇంకొకని మతము మార్చు హక్కు అందులో లేదని సుప్రీము కోర్టు 1977లో తీర్పు చెప్పెను. ఆ తీర్పుమీద చర్చ యున్నది. మన పని మాత్రము స్పష్టమే. మార్చువాడు దేవుడు, వినువాడు స్వతంత్రుడు, మనము చూచినదానిని చెప్పువారము. సమరయ స్త్రీ చెప్పినది విని వచ్చిన ఊరివారు, తాము స్వయముగా విని తెలిసికొంటిమని తుదకు ఆమెతోనే అనిరి (యోహాను 4:42). ఆమె అందుకు చిన్నబుచ్చుకొన్నట్టు వ్రాయబడలేదు.

వచ్చే నెల గృహకూటములలో ఈ విధముగా చేయుదము. ప్రతివారును అయిదు వాక్యములకు మించకుండ, తాము నిజముగా చూచినదానిని వ్రాసికొని రావలెను. వ్రాయలేనివారికి యౌవనస్థులు వ్రాసిపెట్టవలెను; తమ మాటలు కలుపకూడదు. చదువుటకు ముందు ఒక పని యున్నది: ఆ కాగితమును ఇంటివారికి చూపి, ఇది నిజమేనా అని అడుగుడి. వారు కొట్టివేయుమనిన వాక్యమును కొట్టివేసి, మిగిలినదానిని తీసికొని రండి.