రాక్ అండ్ రోల్: మద్రాసు ముడి

నరసరావుపేట, మాచర్లల్లో గ్రూప్స్‌కు చదివేవారు గుర్తుంచుకోండి: రాక్ అండ్ రోల్ పుట్టిల్లు బ్రిటన్ కాదు, అమెరికా. నల్లజాతివారి రిథమ్ అండ్ బ్లూస్ దాని తల్లివేరు. క్లీవ్‌లాండ్ రేడియోలో అలన్ ఫ్రీడ్ 1951 నుంచి ‘రాక్ అండ్ రోల్’ అనే పేరుకు ప్రచారం తెచ్చాడు. అదే ఏడు మెంఫిస్‌లో రికార్డయిన ‘రాకెట్ 88’ను తొలి రాక్ పాటగా చాలామంది చెబుతారు. ఆ వాదన ఇంకా తెగలేదు, ఆప్షన్లు చూసి జవాబివ్వండి. పాడైన యాంప్లిఫయర్‌తో ఆ పాటలో గిటార్ గరగరలాడింది. ఆ గరగరే తర్వాతి తరానికి ఫ్యాషన్! బిల్ హేలీ ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ 1955లో అమెరికాలో నంబర్ వన్.

మనకు దగ్గరి బిట్: బ్రిటన్ రాక్ బృందం బీటిల్స్‌కు 1960 నుంచి డ్రమ్స్ వాయించిన పీట్ బెస్ట్ 1941లో మద్రాసులో పుట్టాడు. అప్పుడు గురజాల కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే, గుంటూరు జిల్లాలో ఉంది. 1962 ఆగస్టులో బెస్ట్‌ను తప్పించి రింగో స్టార్‌ను తీసుకున్నారు.