పిల్లలతో విహారం: ఇచ్చిన మాట కూడా అమానతే

పిల్లల హక్కులు అనగానే మంచి పేరు పెట్టడం, అఖీఖా చేయడం, ఖుర్ఆన్ నేర్పించడం, హలాల్ సంపాదనతో పోషించడం, వయసు రాగానే వివాహం చేయడం మనకు గుర్తొస్తాయి. ఇవన్నీ నిస్సందేహంగా వారి హక్కులే. కానీ ఈ వరుసలో తరచుగా చోటు దొరకని హక్కు ఒకటుంది. అది తల్లిదండ్రుల సమయం. తండ్రి తన దుకాణాన్ని, ఆఫీసును, ఫోనును పక్కనబెట్టి ఇంటిల్లిపాదితో సంతోషంగా గడిపే ఒక రోజు. ఈ నెల పాఠంలో ఆ రోజు గురించి ఆలోచిద్దాం.

సంతోషం ధర్మానికి విరుద్ధమా?

భార్యాబిడ్డలతో నవ్వుతూ గడిపిన సమయం దైవస్మరణకు దూరమైన సమయమని కొందరు ధర్మపరాయణులు బాధపడుతుంటారు. ఈ బాధ కొత్తది కాదు. హజ్రత్ హంజలా (రజి) అనే సహాబీకి ఇదే సందేహం కలిగింది. దైవప్రవక్త (స) సన్నిధిలో కూర్చున్నప్పుడు స్వర్గనరకాలు కళ్ళముందు కనిపిస్తున్నట్లే ఉంటుందని, ఇంటికెళ్ళి ఆలుబిడ్డల మధ్య పడగానే చాలా విషయాలు మరచిపోతున్నామని, ఇది కాపట్యమేమోనని ఆయన భయపడ్డారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) తన పరిస్థితీ అదేనన్నారు. ఇద్దరూ వెళ్ళి దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నారు. ఎల్లప్పుడూ ఒకే స్థితిలో ఉండటం మనిషికి సాధ్యం కాదని, దానికొక ఘడియ, దీనికొక ఘడియ ఉంటుందని ఆయన వారికి ధైర్యం చెప్పారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

ఆయన స్వీయ జీవితమూ ఇదే చెబుతుంది. ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసుకున్నారు. పండుగనాడు అబిసీనియా వాసులు మస్జిదులో ఈటెలతో ప్రదర్శన ఇస్తుంటే, ఆమెకు తనివి తీరేదాకా నిలబడి చూపించారు. అబూ ఉమైర్ అనే చిన్నపిల్లవాణ్ణి అతని పెంపుడు పిట్ట గురించి ఆప్యాయంగా పలకరించేవారు. ఉమ్మత్ భారమంతా మోస్తున్న మహనీయునికి ఒక పిల్లవాడి పిట్టను గుర్తుంచుకునే తీరిక ఉంది. మరి మనకెందుకు లేదు?

ఇన్షా అల్లాహ్ అంటే 'కాదు' అనా?

మా అశోక్ నగర్ సంగతే చూడండి. వీధి వీధినా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. జిల్లాల నుంచి వచ్చిన యువకులు పుస్తకాలు చంకన పెట్టుకుని చిక్కడపల్లి గ్రంథాలయం వైపు నడుస్తుంటారు. వారిని రోజూ చూసే తండ్రికి, పుస్తకం ముందు లేని ప్రతి గంటా వృథాయే అనిపిస్తుంది. పిల్లలు "అబ్బూ, జూకి ఎప్పుడు తీసుకెళ్తారు?" అని అడుగుతారు. "వచ్చే ఆదివారం, ఇన్షా అల్లాహ్" అంటాడు తండ్రి. ఆ ఆదివారం వస్తుంది, పోతుంది. మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే జవాబు.

ఇక్కడ జరుగుతున్న నష్టం ఒక విహారం తప్పిపోవడం మాత్రమే కాదు. ఇన్షా అల్లాహ్ అంటే 'జరగదు' అని ఆ పసిమనసు నేర్చుకుంటోంది. రేపు ఫలానా పని చేస్తానని చెప్పేటప్పుడు అల్లాహ్ చిత్తాన్ని జతచేయాలని అల్ కహఫ్ సూరా (18:23-24) నేర్పుతోంది. అది దాసుడు తన అశక్తతను ఒప్పుకునే పవిత్ర వచనం. చేయాలన్న సంకల్పం ఉన్నవాడు పలకాల్సిన మాట. చేసే ఉద్దేశం లేకుండా పిల్లల నోరు మూయించడానికి వాడితే, అల్లాహ్ నామాన్ని అబద్ధానికి ముసుగు చేసినట్లే కదా!

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) తన చిన్ననాటి సంగతి చెప్పారు. ఆయన తల్లి, "రా, నీకొకటి ఇస్తాను" అని పిలిచారు. ఇంట్లోనే ఉన్న దైవప్రవక్త (స) ఏమి ఇవ్వదలచావని ఆమెను అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పారు. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది ఆమె ఖాతాలో అబద్ధంగా రాయబడేదని ఆయన హెచ్చరించారు (అబూదావూద్). ఒక ఖర్జూరపు పండు విషయంలోనే ఇంత లెక్క ఉంటే, నెలల తరబడి వాయిదా వేసిన ఆదివారాల లెక్క ఎంత? కాబట్టి వీలుకాని మాట ఇవ్వకండి. ఇస్తే తేదీ చెప్పి ఇవ్వండి. నిజమైన ఆటంకం వస్తే పిల్లల్ని కూర్చోబెట్టుకుని కారణం చెప్పి, మరో తేదీ నిర్ణయించండి. పెద్దవారితో చేసుకున్న ఒప్పందం లాంటిదే ఇదీ.

ఎక్కడికి వెళ్ళాలి?

విహారమంటే వేలరూపాయల ఖర్చు అనుకోనక్కర్లేదు. ఈ ప్రాంతం వారికి ఇందిరా పార్కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. 76 ఎకరాల ఈ పార్కుకు 1975లో అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. 1978లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఫజ్ర్ నమాజు తర్వాత పిల్లలతో అక్కడ గంటసేపు నడవడం కూడా విహారమే. రెక్కలు చాచి ఆకాశంలో ఎగిరే పక్షుల్ని చూడమంటోంది అల్ ముల్క్ సూరా (67:19). ఆ ఆయతు కంఠస్థం చేసిన పిల్లవాడికి చెట్టు మీది పిట్టను కూడా చూపించాలి కదా!

కాస్త ముందుకెళితే హుస్సేన్ సాగర్. 16వ శతాబ్దంలో ఇబ్రాహీం కులీ కుతుబ్ షా కాలంలో తవ్వించిన ఈ చెరువుకు హజ్రత్ హుస్సేన్ షా వలీ పేరు వచ్చింది. నీటి వసతి కల్పించడం సదఖయె జారియా అని పుస్తకంలో చెప్పేకంటే, ఆ గట్టు మీద నిలబడి చెప్పడం తేలిక.

రోజంతా గడపాలనుకుంటే బహదూర్‌పురాలోని నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉంది. 1963లో ప్రారంభమైంది. ఇది సోమవారం మూసి ఉంటుంది. ఒంటెను చూసి, అది ఎలా సృష్టించబడిందో ఆలోచించమన్న అల్ గాషియా సూరా (88:17) వాక్యం అక్కడ పిల్లలకు గుర్తుచేయండి. జంతువుల మీద రాళ్ళు రువ్వడం, వాటిని రెచ్చగొట్టడం చేయనివ్వకండి. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ శిక్షార్హురాలైన సంగతి, దప్పికతో అల్లాడే కుక్కకు నీళ్ళు తాపించిన మనిషికి క్షమాపణ దొరికిన సంగతి చెప్పడానికి ఇంతకంటే మంచి తరగతి గది దొరకదు.

సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళడమూ ఇప్పుడు సులువే. 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో మార్గంలో చిక్కడపల్లిలో గానీ నారాయణగూడలో గానీ రైలెక్కి ఎం.జి.బి.ఎస్.లో దిగి, అక్కడినుంచి ఆటోలో వెళ్ళవచ్చు. శుక్రవారం అక్కడ సెలవు. పిల్లలు గంటలు కొట్టే గడియారం దగ్గరకు పరుగెడతారు, పరుగెత్తనివ్వండి. 13వ శతాబ్దపు ప్రఖ్యాత లేఖకుడు యాఖూత్ ముస్తఅసిమీ చేతిరాతతో ఉన్న ఖుర్ఆన్ ప్రతి కూడా ఆ మ్యూజియం సేకరణలో ఉందని వారికి చెప్పండి.

నమాజుకు సెలవు లేదు

చాలా కుటుంబాలలో విహారం రోజున మొదట జారిపోయేది జుహ్ర్ నమాజు. ఇంటికెళ్ళి ఖజా చేసుకుందామంటారు. ఆ రోజు పిల్లలకు తెలిసేది ఒక్కటే: సంతోషం ఉన్నచోట నమాజు ఉండదని. పెద్దయ్యాక వారు నమాజును సంతోషానికి అడ్డంకిగా భావిస్తే, ఆ విత్తనం వేసింది మనమే.

పరిష్కారం కష్టమేమీ కాదు. ఇంట్లోనే వుజూ చేసుకుని బయలుదేరండి. సంచిలో ఒక జానిమాజు, ఒక నీళ్ళసీసా ఉంచండి. భూమినంతటినీ తన కోసం మస్జిదుగా చేశారని దైవప్రవక్త (స) తెలిపారు. నలుగురి దారికి అడ్డం కాని శుభ్రమైన చోటు చూసుకోండి. మన నగరం నుంచి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత సూర్యుణ్ణి చూసి దిక్కు కనిపెట్టమని పిల్లలకే అప్పగించండి, ఉత్సాహంగా చేస్తారు. తండ్రి ఇమామ్‌గా నిలబడితే వెనుక మగపిల్లలు, వారి వెనుక తల్లి, ఆడపిల్లలు నిలబడాలి. సొంత ఊళ్ళోనే తిరుగుతున్నాం కాబట్టి ఖస్ర్ వర్తించదు. జుహ్ర్, అస్ర్‌లలో నాలుగు రకాతులు పూర్తిగా చేయాలి.

తల్లికి కూడా సెలవు కావాలి

విహారమంటే తెల్లవారుజామున లేచి బిర్యానీ వండి, డబ్బాలు సర్ది, పార్కులో అందరికీ వడ్డించి, రాత్రి ఇంటికొచ్చి గిన్నెలు తోమడమైతే ఆ ఇల్లాలికి అది విహారం కాదు, రెట్టింపు చాకిరీ. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటివారి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆ రోజు రొట్టె, గుడ్లు, అరటిపండ్లతో సరిపెట్టుకుంటే ఏం పోయింది? చంటిబిడ్డను తండ్రి ఎత్తుకోవచ్చు. దైవప్రవక్త (స) తన మనవరాలు ఉమామాను నమాజులో సైతం ఎత్తుకున్నారు.

పిల్లల మధ్య న్యాయం కూడా మరవకూడదు. కొడుకును భుజాల మీద ఎక్కించుకుని, కూతుర్ని "నువ్వు పెద్దదానివి, కూర్చో" అనడం సరికాదు. సంతానం మధ్య సమానత్వం పాటించాలన్నది దైవప్రవక్త (స) ఆదేశం. ఖర్చులో దుబారా వద్దు, పిసినారితనమూ వద్దు. కుటుంబంపై పెట్టే ఖర్చుకు గొప్ప పుణ్యం ఉందని సంకల్పం చేసుకోండి. లేచేముందు కాగితాలు, ప్లాస్టిక్ కవర్లు పిల్లలతోనే ఏరించండి. దారిలోంచి హానికరమైన వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగం.

జాగ్రత్త తవక్కుల్‌లో భాగమే

2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక సినిమాహాలు దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి మరణించింది, ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. పిల్లల సంతోషం కోసం బయలుదేరిన కుటుంబమది. వారిని వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. మనం నేర్చుకోవలసింది మాత్రం ఉంది. విపరీతమైన జనసమ్మర్దం ఉండేచోటికి పిల్లల్ని తీసుకెళ్ళకండి. చిన్నపిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. నీళ్ళ దగ్గర చెయ్యి వదలకండి. ముందు ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయాలన్నదే మనకు లభించిన బోధన. చీకటిపడే వేళ పిల్లల్ని బయట ఉంచవద్దని కూడా హదీసు చెబుతోంది. మగ్రిబ్ నాటికి ఇల్లు చేరేలా చూసుకోండి.

సోదర సోదరీమణులారా! పిల్లల బాల్యం మన తీరిక కోసం ఆగదు. ఈ పాఠం చదివిన వెంటనే ఇంటి క్యాలెండర్‌లో ఒక తేదీకి గుర్తు పెట్టండి. పిల్లల ముందే పెట్టండి. మనస్ఫూర్తిగా ఇన్షా అల్లాహ్ అనండి. ఆ రోజు రాగానే చెప్పులేసుకుని బయలుదేరండి.

మన సంతానాన్ని మన కంటిచలువగా చేసి, వారికిచ్చిన మాట నిలబెట్టుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.