అంటార్కిటికా బయల్దేరుతున్న బుజ్జికి

ఉప్పల్,
హైదరాబాద్.

చి. ల. సౌ. బుజ్జికి,

మొన్న ఆదివారం నాచారంలో మీ ఇంటికి వచ్చినప్పుడు ఓడ బ్రోషర్ చేతికిచ్చి, "అక్కడ ఎలా ఉంటుందో అన్నీ చెప్పు పెద్దనాన్నా" అన్నావు. వడ్డనల మధ్య, పిల్లల గోల మధ్య నేను చెప్పింది నీకు సగం కూడా వినబడి ఉండదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారితో కూడా చదివించు.

నేను ఆ మంచు ఖండానికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి తొంభైల చివర్లో, ఉద్యోగం పని మీద. నువ్వు రోజూ మెట్రోలో దాటే ఎన్‌జీఆర్ఐ స్టేషన్ ఉందే, ఆ పేరున్న భూభౌతిక పరిశోధన సంస్థకి అక్కడి మన మైత్రి స్థావరంలో భూకంపాలు నమోదు చేసే కేంద్రం ఉంది. ఆ పరికరాల పెట్టెలతో పాటు గోవాలో ఓడ ఎక్కాను. 1981 డిసెంబర్ 6న మన దేశపు మొదటి అంటార్కిటికా యాత్ర బయల్దేరింది కూడా గోవా నుంచే. వాళ్లు మంచు మీద అడుగు పెట్టేసరికి జనవరి 9 అయింది. మాకూ ఇంచుమించు నెల పట్టింది. రెండోసారి రెండేళ్ల కింద, మీ పెద్దమ్మతో, నువ్వు ఎక్కబోయేలాంటి చిన్న విలాసపు ఓడలో, అర్జెంటీనా కొసన ఉన్న ఉష్వాయా నుంచి వెళ్లాను.

బ్రోషర్‌లో నువ్వు ముందు గది చూశావు. బాల్కనీ, స్నానాల తొట్టి, ఎన్ని రకాల వంటలు పెడతారో చూశావు. నన్నడిగితే అవన్నీ తర్వాతి సంగతి. ముందు అడగాల్సింది, ఓడలో ప్రయాణికులు ఎంతమంది అని. అంటార్కిటిక్ ఒడంబడిక దేశాల నియమం ప్రకారం 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ అక్కడ ఎవరినీ ఒడ్డున దించకూడదు. చిన్న ఓడైనా, ఒక చోట ఒకేసారి 100 మందికి మించి నేల మీద ఉండకూడదు. ఓడలో 90 మందే ఉంటే అందరూ కలిసి దిగుతారు. 200 మంది ఉంటే సగం మంది దిగి తిరిగొచ్చేదాకా మిగతావాళ్లు ఓడలోనే ఆగాలి. ఎనిమిదేళ్లుగా మీరిద్దరూ కూడబెట్టిన డబ్బుతో కొనేది నిజానికి ఒడ్డు మీద గడిపే గంటల్ని. గది ఎంత బాగున్నా అందులో నువ్వు నిద్రపోవడమే ఎక్కువ.

ఉష్వాయాకి ఓడ బయల్దేరే రోజుకి కాకుండా, కనీసం ఒకటి రెండు రోజుల ముందే చేరుకోండి. ఇక్కడి నుంచి మూడు నాలుగు విమానాలు మారాలి. పెట్టె ఎక్కడైనా ఆగిపోతే అది వచ్చేదాకా ఓడ ఆగదు. మీ బీపీ మాత్రలు, కళ్లద్దాలు, ఒక జత ఉన్ని బట్టలు చేతి సంచీలో ఉంచుకోండి. అర్జెంటీనా వీసా సంగతి, ఓడ మీద వెళ్లి మళ్లీ అదే దేశంలోకి తిరిగి రావడానికి ఆ వీసా పనికొస్తుందా అన్న సంగతి ఇప్పుడే అడిగి తెలుసుకో.

తీరం వదిలాక డ్రేక్ జలసంధి. వెళ్లేటప్పుడు రెండు రోజులు, వచ్చేటప్పుడు రెండు రోజులు. ఆ అక్షాంశాల్లో గాలికి అడ్డుపడే నేల భూమి చుట్టూ ఎక్కడా లేదు కాబట్టి అలలు పెరుగుతూనే పోతాయి. ఒక్కోసారి మన నల్లచెరువులా పడుకుని ఉంటుంది, ఒక్కోసారి మంచం మీద నుంచి దొర్లిస్తుంది. ఏది వస్తుందో ముందుగా ఎవరూ మాట ఇవ్వలేరు. సాగర్ నుంచి శ్రీశైలం లాంచీలో వెళ్లినప్పుడు నాకేం కాలేదు అన్నావు చూడు, ఆ అనుభవం ఇక్కడ లెక్కలోకి రాదు. మీ డాక్టర్ని అడిగి మాత్రలు తెచ్చుకుని, కడుపులో తిప్పడం మొదలు కాకముందే వేసుకో. మీ పెద్దమ్మ "చూద్దాంలే" అని ఆగింది. ఒకటిన్నర రోజు మంచం దిగలేదు. గది ఎంచుకునే వీలుంటే కింది అంతస్తులో, ఓడ నడిమధ్యన తీసుకో. ఊపు తక్కువ, చాలా ఓడల్లో ధరా తక్కువే. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీదే ఉండాలి. తలుపు సందుల్లో వేళ్లు పెట్టకూడదు. ఓడ ఒరిగినప్పుడు ఆ బరువైన తలుపు తనంతట తనే మూసుకుంటుంది.

ఎక్కిన మొదటి రోజే లైఫ్ జాకెట్లు వేయించి అందరినీ ఒక చోట నిలబెట్టి డ్రిల్లు చేయిస్తారు. చాలామందికి అప్పుడు ఫొటోల ధ్యాస. నువ్వు మాత్రం ప్రతి మాటా విను. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన రోజు మనమంతా మీ ఇంట్లోనే టీవీ ముందు కూర్చున్నాం, గుర్తుందా? మీ నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇంక ముఖ్యమైన సంగతికి వస్తాను. రోజూ సాయంత్రం యాత్రా నాయకుడు హాల్లో మ్యాపు పెట్టి రేపటి సంగతి చెబుతాడు. రేపు ఉదయం ఫలానా దీవి, మధ్యాహ్నం ఫలానా రేవు అంటాడు. తెల్లవారి లేచేసరికి గాలి మారుతుంది, లేదా ఆ రేవు నోట్లో మంచుగడ్డలు వచ్చి పేరుకుంటాయి, దిగడం రద్దవుతుంది. మాకు పోర్ట్ లాక్‌రాయ్ అలాగే తప్పిపోయింది. అది 1944లో బ్రిటిష్‌వాళ్లు కట్టిన పాత స్థావరం. ఇప్పుడక్కడ చిన్న మ్యూజియం, తపాలా కార్యాలయం ఉన్నాయి. అక్కడి నుంచి నీకు కార్డు పంపాలని మీ పెద్దమ్మ అడ్రసు కూడా రాసి పెట్టుకుంది. ఆ ఉదయం భోజనశాలలో ఒకాయన ఇంత డబ్బు కట్టింది ఇందుకా అని నాయకుడి మీద గట్టిగా అరిచాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఆయన అన్నది తప్పు.

ఎందుకంటే, ఈ రకం ప్రయాణాల కోసమే 1969లో కట్టిన తొలి చిన్న ఓడ, ఎర్ర రంగు ఎక్స్‌ప్లోరర్, 2007 నవంబర్ 23న అక్కడే కింగ్ జార్జ్ దీవి దగ్గర మంచు తగిలి చిల్లుపడి మునిగిపోయింది. ప్రయాణికులు, సిబ్బంది కలిపి 154 మంది గంటల తరబడి లైఫ్‌బోట్లలో గడిపారు. ఇంకో ఓడ వచ్చి అందరినీ ప్రాణాలతో ఎక్కించుకుంది. సముద్రం ఆ రోజు కనికరించింది. పైగా దగ్గర్లో ఆసుపత్రి ఉండదు. ఓడలో ఒక డాక్టరు, చిన్న వైద్యశాల, అంతే. ఎవరినైనా తరలించాలంటే మళ్లీ డ్రేక్ దాటాలి, లేదా వాతావరణం ఒప్పుకుంటే కింగ్ జార్జ్ దీవి నుంచి విమానం. అందుకే అత్యవసర తరలింపు ఖర్చు భరించే బీమా లేకుండా బయల్దేరొద్దు. కెప్టెన్ "ఇవాళ వద్దు" అంటే, నువ్వు కట్టిన డబ్బులో అన్నిటికన్నా విలువైన భాగం ఆ మాటే.

దిగే రోజు ఎలా ఉంటుందంటే, బూట్లు మార్చుకునే గదిలోకి వెళ్తారు, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు ఓడవాళ్లే ఇస్తారు. ఓడవాళ్లిచ్చిన గుర్తింపు కార్డు చూపించి దిగాలి, తిరిగి వచ్చాక మళ్లీ చూపించాలి. ఒడ్డున ఎవరైనా మిగిలిపోయారేమో వాళ్లకి తెలిసేది దాన్ని బట్టే. తర్వాత జోడియాక్ అనే రబ్బరు పడవ. పదిమంది దాకా పడతారు. ఎక్కేటప్పుడు పడవవాడి అరచెయ్యి కాదు, ముంజేయి పట్టుకోవాలి, అతనూ నీ ముంజేయి పట్టుకుంటాడు. చాలా చోట్ల మోకాలి లోతు నీళ్లలోకే దిగాలి. కాబట్టి నీళ్లు చొరబడని ప్యాంటు తప్పనిసరి. లావు కోటు కోసం ఇక్కడ డబ్బు తగలేయొద్దు, చాలా కంపెనీలు అదీ ఇస్తాయి, ముందు అడుగు. ఎండాకాలంలో ఆ తీరాన చలి మనం భయపడినంత ఉండదు, సున్నా డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటుంది. గాలే కోస్తుంది. మంచు మీద ఎండ కళ్లలో గుచ్చుకుంటుంది, నల్ల కళ్లద్దాలు మరవకు.

బ్రోషర్‌లో రాయనిది ఒకటుంది: వాసన. పెంగ్విన్ల రెట్ట కంపు ఒడ్డుకి చాలా ముందే పలకరిస్తుంది. ఘట్‌కేసర్ దాటాక కోళ్లఫారాల పక్కన బస్సు కిటికీ మూసేవాళ్లం చూడు, అంతకు రెట్టింపు. పది నిమిషాల్లో అలవాటవుతుంది. పక్షికి అయిదు మీటర్ల దూరం ఉండాలి. అదే నీ వైపు నడిచి వస్తే నువ్వు కదలకుండా నిలబడాలి. దారి దానిది. అక్కడికి పక్షిజ్వరం చేరినప్పటి నుంచి కింద కూర్చోవడం, మోకరిల్లడం, సంచీ నేల మీద పెట్టడం కూడా నిషేధం. నడుము నొప్పిగా ఉన్నా నిలబడే ఉండాలి.

తిండి విషయంలో దిగులు వద్దు. శాకాహారమని టికెట్ రాసేటప్పుడే చెప్పు, వంటవాళ్లు బాగానే చూసుకుంటారు. మీ అమ్మ ఆవకాయ కట్టి ఇస్తానంటుంది. అర్జెంటీనా కస్టమ్స్‌లో ఇబ్బంది పడతావు, వద్దని నా మాటగా చెప్పు. ఒడ్డుకైతే మంచినీళ్లు తప్ప ఏ తిండీ తీసుకెళ్లనివ్వరు. అది ఊరికే పెట్టిన నిబంధన కాదు. పోలెండ్ వాళ్ల స్థావరం దగ్గర మనుషులతో వచ్చిన మామూలు గడ్డి ఒకటి మొలిచి వ్యాపించింది. దాన్ని పీకడం పెద్ద పనైంది. ఇటు మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ మట్టిలో, ప్రపంచంలో అంతవరకూ ఎవరూ చూడని బాక్టీరియా జాతుల్ని గుర్తించారు. బయటి గింజ, బయటి మట్టి ఒక్క చిటికెడు కూడా అందులో కలవకూడదు.

మొదటిసారి దిగేముందు బట్టలు, సంచులు అన్నీ పరిచి వాక్యూమ్ పెట్టి శుభ్రం చేయిస్తారు. నా కెమెరా సంచీ వెల్క్రో పట్టీలో ఏం దొరికాయో తెలుసా? మన ఉప్పల్ భగాయత్ గట్టు మీద పొద్దున్నే నడిచినప్పుడు అంటుకున్న గడ్డి గింజలు. కోటు జేబు మూలన సోంపు. అల్లుడుగారికీ భోజనం అయ్యాక జేబులో సోంపు వేసుకునే అలవాటుంది కదా. ఆ గింజలు ఏరిన ఓడ సిబ్బంది అమ్మాయి నన్నేమీ అనలేదు. నాకే సిగ్గేసింది. అంత దూరం, అంత ఉప్పునీరు దాటి అవి బతికే ఉన్నాయేమో.

మీరు బయల్దేరే నవంబర్‌కి ఇంకా టైముంది. వచ్చే శనివారం మీరిద్దరూ ఇటు రండి. కెమెరా సంచీ, బూట్లు, అల్లుడుగారి కోటు పట్టుకురండి. దువ్వెన, ట్వీజర్ నా దగ్గరున్నాయి. వెల్క్రో పట్టీలన్నీ మనమే కూర్చుని గింజ మిగలకుండా ఏరి పెడదాం.

మీ పెద్దనాన్న