తాళంచెవి కూడా అమానతే

గోదావరికి వరద వచ్చింది. పి.గన్నవరం దగ్గర లంకలో ఉండే ఒక సోదరుడు తన కారును గట్టు మీద ఉన్న మిత్రుని దొడ్లో నిలిపి, తాళంచెవి అతని చేతికిచ్చి వెళ్ళాడనుకోండి. తెల్లవారేసరికి కారు లేదు. ఈ నష్టం ఎవరు భరించాలి? స్నేహాలు తెగిపోయే ప్రశ్న ఇది. షరీఅత్ దీనికి స్పష్టమైన సమాధానమిచ్చింది.

తాళంచెవి పుచ్చుకున్న క్షణం నుంచి ఆ కారు అతని దగ్గర అమానత్. అమానతులను హక్కుదారులకు అప్పగించాలని సూరె నిసా 58వ ఆయత్‌లో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. అయితే ఉచితంగా భద్రపరచినవాడు అశ్రద్ధ చేస్తేనే, లేదా హద్దు మీరితేనే నష్టపరిహారం చెల్లించాలి. చెవి బండికే వదిలేయడం అశ్రద్ధ. అడక్కుండా కారు వాడుకోవడం హద్దు మీరడం. ఈ రెండూ లేకుండా దొంగలు తాళం పగలగొట్టినా, వరద గట్టు దాటి వచ్చినా అతనిపై బాధ్యత లేదు. అతణ్ణి డబ్బు అడగడం అన్యాయం.

డబ్బు తీసుకుని కాపలా కాసేవాని సంగతి వేరు. 1876లో పూర్తయిన హనఫీ న్యాయస్మృతి మజల్లా 777వ అధికరణం ప్రకారం, దొంగతనం వంటి నివారించదగిన కారణంతో వస్తువు పోతే అతడు పరిహారం ఇవ్వాలి.

మరి "యజమానిదే బాధ్యత" అని బోర్డు పెడితే? 1998లో ఢిల్లీ తాజ్ మహల్ హోటల్లో సిబ్బందికి అప్పగించిన కారు దొంగతనానికి గురైంది. చీటీ మీద అలాంటి షరతే ఉంది. అయినా తన నిర్లక్ష్యం నుంచి హోటలు ఆ షరతుతో తప్పించుకోలేదని 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సొంత వస్తువు పట్ల వివేకవంతుడు చూపే శ్రద్ధనే 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా కోరుతోంది.

ఎవరికీ అప్పగించకుండా రోడ్డు పక్కన మనమే నిలిపిన బండి పోతే, ఎదుటి దుకాణదారుణ్ణి నిలదీసే హక్కు మనకు లేదు. ఇక ఆగి ఉన్న బండిని పొరపాటున గుద్దినవాడు పరిహారం ఇవ్వవలసిందే. పొరపాటు వల్ల పాపం తొలగుతుంది గాని, తోటివాని హక్కు తొలగదు. ఎవరూ చూడలేదని వెళ్ళిపోకండి, అల్లాహ్ చూశాడు. యజమాని కనిపించకపోతే ఫోను నంబరు రాసి బండికి పెట్టండి.

సోదరులారా! చెవి తీసుకునేటప్పుడే ఆలోచించండి, కాపాడలేకపోతే మర్యాదగా కాదనండి. బండి పోగొట్టుకున్నవారు నిర్దోషిపై నింద మోపకండి. ఇహంలో తీరని లెక్క ప్రళయదినాన తీరవలసి ఉంటుంది. అమానత్‌ను కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.