గుండ్లకమ్మ నీళ్లు

గుండ్లకమ్మ పెద్ద నది కాదు. కృష్ణ అంత వెడల్పు లేదు. గోదావరి అంత పొడవు లేదు. పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా 200 కిలోమీటర్ల పైన ఉంటుంది, అంతే. కానీ ఉత్తరాన కృష్ణకు, దక్షిణాన పెన్నకు మధ్య ఉన్న మెట్ట నేలలో ఇదే పెద్ద ఏరు. పాత ప్రకాశం జిల్లాలో ఎన్నో ఊళ్లకు ఇదే ఆధారం.

ఈ ఏరు నల్లమల అడవిలో పుడుతుంది. ఆ చోటు పేరు గుండ్ల బ్రహ్మేశ్వరం. కొండల మీద నుంచి చిన్న చిన్న వాగులు దిగుతాయి. అవన్నీ కలిసి ఏరు అవుతాయి. గంగానది మంచు కొండల్లో పుట్టింది. ఎండాకాలంలో మంచు కరిగి దానికి నీళ్లొస్తాయి. గుండ్లకమ్మకు ఆ వసతి లేదు. వానే దానికి ఆధారం. గట్టి వాన పడితే కొన్నాళ్లు ఒడ్డులు ఒరుసుకుని పారుతుంది. వాన పోతే ఇసుకే. ఎండాకాలంలో చెలమ తీస్తేనే నీళ్లు.

మరి ఏడాది పొడవునా జనం ఎట్లా బతకాలి? వచ్చిన నీళ్లను పట్టి ఆపుకోవాలి. ఆ పని మన పెద్దలు కంభం దగ్గర చేశారు.

కంభం దగ్గర ఏరు రెండు కొండల సందులోంచి పోతుంది. ఆ సందుకు అడ్డంగా కట్ట వేశారు. కొండలే రెండు పక్కలా గోడలు. మధ్యలో ఇరుకు చోట మాత్రమే కట్ట కావాల్సి వచ్చింది. చోటు ఎంచుకోవడంలోనే ఉంది అసలు తెలివి! జంపలేరు అనే ఇంకో ఏరు కూడా ఈ చెరువులోకే వస్తుంది. చెరువు పొడవు సుమారు 7 కిలోమీటర్లు. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ అనే రాణి దీన్ని కట్టించిందని చెబుతారు. అంటే సుమారు 500 ఏళ్ల నాటి మాట. 2020లో అంతర్జాతీయ సేద్యపు నీటి సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది.

చెరువు నిండితే కింద మాగాణి పండుతుంది. చుట్టుపక్కల బావుల్లో ఊట పెరుగుతుంది. నిండకపోతే రైతు బోరు వేస్తాడు. అప్పు చేస్తాడు.

పటం ఉంటే వేలు పెట్టి చూడండి. కంభం దాటాక ఏరు నేరుగా సముద్రం వైపు పోదు. ముందు ఈశాన్యంగా పోతుంది. వినుకొండ దాపుల దాకా వెళ్లి, అక్కడ ఆగ్నేయానికి తిరుగుతుంది. నీళ్లు దగ్గర దారి చూసుకోవు, పల్లం చూసుకుంటాయి. తర్వాత అద్దంకి వస్తుంది. అద్దంకి ఒకప్పుడు రెడ్డి రాజుల రాజధాని. ఆ తర్వాత మద్దిపాడు మండలం. చివరకు ఒంగోలు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది.

మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర ఈ ఏటి మీద ఇంకో ఆనకట్ట ఉంది. దాని పేరు కందుల ఓబులరెడ్డి గుండ్లకమ్మ జలాశయం. 2008లో దాన్ని ప్రారంభించారు. అందులో పట్టే నీళ్లు మూడున్నర టి.ఎం.సి.లకు పైనే. పేపర్లో ఈ మాట చూసే ఉంటారు. టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఇట్లా చెబితే తెలియదు. పదివేల ఎకరాల పొలం ఊహించుకోండి. దానంతటా రెండడుగుల పైన నీళ్లు నిలబెడితే అది ఒక టి.ఎం.సి.

2022 ఆగస్టు 31 రాత్రి ఆ జలాశయం గేటు ఒకటి కొట్టుకుపోయింది. పైర్లకు, తాగడానికి దాచిన నీళ్లు సముద్రం పాలయ్యాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. అది పోయిన కొద్ది రోజులకే ఇంకో గేటు కొట్టుకుపోయింది. కట్టి పదిహేనేళ్లు గడిచాయో లేదో!

ఇనుప గేటు నీళ్లలో ఉంటుంది. తుప్పు పడుతుంది. ఏటా గీకి రంగు వేయాలి. గొలుసులకు, తాళ్లకు గ్రీజు పెట్టాలి. అరిగిన సామాను మార్చాలి. కొత్త ప్రాజెక్టుకు శిలాఫలకం ఉంటుంది. గ్రీజు పెట్టినందుకు ఎవరూ శిలాఫలకం వేయరు. అందుకే కాబోలు ఆ పని వెనకబడుతుంది.

కంభం చెరువు అన్నేళ్లు ఊరికే నిలవలేదు. పాత చెరువులన్నిటికీ గండి పడితే పూడ్చాలి. తూము బిగుసుకుపోతే బాగుచేయాలి. కొండ వాగులు నీళ్లతోపాటు మట్టి కూడా తెస్తాయి. పూడిక తీయకపోతే చెరువు చూడ్డానికి నిండుగానే ఉంటుంది, నీళ్లు మాత్రం తక్కువే.

మీ కేంద్రంలో కూర్చుని మాట్లాడుకోండి:

మీ ఊరి చెరువులోకి నీళ్లు ఏ వాగు నుంచి వస్తాయి? ఆ వాగు దారిలో ఎవరైనా కట్టడం కట్టారా?

చెరువుకు తూములు ఎన్ని? అవి సరిగా మూసుకుంటాయా?

చివరి పొలానికి నీళ్లు అందుతాయా? అందకపోతే ఆ పొలం ఎవరిది?

పూడిక చివరిసారి ఏ సంవత్సరం తీశారు? పెద్దవాళ్లను అడిగి, ఆ సంవత్సరం మీ నోటు పుస్తకంలో రాయండి.